కడుపుతో ఉండగా విదేశీ ప్రయాణం: వారాల లెక్క నుంచి తిరుగు ఫ్లైట్ దాకా

"ఐదో నెల నడుస్తోంది, ఫ్లైట్ ఎక్కొచ్చా?" ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. ప్రెగ్నెన్సీలో ఏ ఇబ్బందీ లేకపోతే, మిమ్మల్ని చూస్తున్న డాక్టర్ సరేనంటే, ఎక్కొచ్చు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. ఏ వారంలో వెళ్లాలి, ఏ దేశం వద్దు, ఏ కాగితాలు కావాలి, ఊరుకాని ఊళ్లో అర్ధరాత్రి రక్తం కనిపిస్తే ఎవరు ఏం చేయాలి. ఈ పనులన్నీ చేయాల్సిన వరుసలోనే కింద రాశాను.

ఒక్క విషయం ముందే చెప్పేస్తాను. ఈ ప్రయాణాన్ని వెళ్లే తేదీ నుంచి కాదు, తిరిగొచ్చే తేదీ నుంచి వెనక్కి ప్లాన్ చేయండి. నేను చూసిన గొడవల్లో చాలావాటికి మూలం ఇది మర్చిపోవడమే.

## 1. వారాల లెక్క తేల్చుకోండి

మనం నెలల్లో మాట్లాడుకుంటాం. ఎయిర్‌లైన్స్, ఇన్సూరెన్స్ కంపెనీలు, అక్కడి డాక్టర్లు వారాల్లో మాట్లాడతారు. "ఏడో నెల" అంటే ఒకరి లెక్కలో 27వ వారం, ఇంకొకరి లెక్కలో 31వ వారం. సర్టిఫికెట్ కావాలా అక్కర్లేదా అన్నది ఆ తేడా దగ్గరే తేలుతుంది. అందుకని స్కానింగ్ రిపోర్ట్‌లో ఉన్న డ్యూ డేట్ తీసుకోండి. ఆ రోజుకు 40 వారాలు నిండుతాయి. అక్కడి నుంచి క్యాలెండర్‌లో వెనక్కి రండి.

డ్యూ డేట్ మార్చి 1 అనుకుందాం, లీపు సంవత్సరం కాదు. అప్పుడు లెక్క ఇలా ఉంటుంది:

- ఆగస్టు 31: 14 వారాలు. వేవిళ్లు తగ్గుముఖం పట్టే సమయం.
- అక్టోబర్ 12: 20 వారాలు. బిడ్డ అవయవాలన్నీ చూసే పెద్ద స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య ఉంటుంది.
- డిసెంబర్ 7: 28 వారాలు. ఇక్కడి నుంచి చాలా ఎయిర్‌లైన్స్ డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతాయి.
- ఫిబ్రవరి 1: 36 వారాలు. కడుపులో ఒక్క బిడ్డే ఉంటే చాలా ఎయిర్‌లైన్స్ ఇక్కడితో ఆపేస్తాయి. కవలలైతే సాధారణంగా 32 వారాలకే.

ప్రయాణానికి 14 నుంచి 28 వారాల మధ్య కాలం మేలని డాక్టర్లు చెబుతారు. అబార్షన్ భయం ఎక్కువగా ఉండే మొదటి మూడు నెలలు దాటిపోతాయి, నెలలు నిండకుండా నొప్పులొచ్చే భయం ఇంకా పెరగదు, నడవడానికీ కూర్చోవడానికీ ఒళ్లు సహకరిస్తుంది. నన్నడిగితే దాన్ని ఇంకాస్త కుదించుకోమంటాను. పెద్ద స్కాన్ రిపోర్ట్ చేతికొచ్చాక బయల్దేరి, 26 వారాలకల్లా ఇంట్లో ఉండేలా చూసుకోండి. పై ఉదాహరణలో అది అక్టోబర్ 12 నుంచి నవంబర్ 23 వరకు. ఫ్లైట్ క్యాన్సిలై వారం ఆగిపోయినా 28 దాటరు. 24 నుంచి 28 వారాల మధ్య చేసే షుగర్ టెస్ట్ కూడా తప్పిపోదు.

ఇక్కడ మూడు చోట్ల పొరబడుతుంటారు. మొదటిది, వెళ్లే రోజు 27 వారాలే కదా అని టికెట్ కొనేయడం. నిబంధన ప్రతి ఫ్లైట్‌కీ విడిగా వర్తిస్తుంది, తిరుగు ఫ్లైట్ రోజుకు 29 వారాలైతే సర్టిఫికెట్ అప్పుడు కావాలి. రెండోది, టికెట్ ఒక కంపెనీది, ఎక్కే విమానం దాని భాగస్వామిది అయినప్పుడు టికెట్ మీద పేరున్న కంపెనీ రూల్స్ మాత్రమే చదవడం. విమానం నడిపేది ఎవరో చూసి, మధ్యలో మారే అన్ని ఫ్లైట్లలో ఏది కఠినంగా ఉందో దాన్నే పట్టుకోండి. మూడోది, క్రూయిజ్ షిప్‌కీ విమానానికీ ఒకటే రూల్ అనుకోవడం. ట్రిప్ ముగిసేలోగా 24 వారాలు వచ్చేస్తాయంటే చాలా క్రూయిజ్ కంపెనీలు అసలు ఎక్కించుకోవు.

మొదటి మూడు నెలల్లోనే తప్పనిసరిగా వెళ్లాల్సొస్తే, గర్భం గర్భసంచిలోనే ఉందని స్కాన్‌లో నిర్ధారణ అయ్యే దాకా బయల్దేరకండి. గర్భం ట్యూబులో నిలిచి, అది పగిలితే ప్రాణాపాయం. పరాయి దేశంలో ఎదుర్కోవాల్సిన పరిస్థితి కాదది.

## 2. టికెట్ కొనకముందే డాక్టర్‌తో మాట్లాడండి

"ట్రిప్‌కి వెళ్లొచ్చా డాక్టర్?" అని అడిగితే "జాగ్రత్తగా వెళ్లండి" అన్న జవాబే వస్తుంది. దేశం పేరు, తేదీలు, ఫ్లైట్ ఎన్ని గంటలు, అక్కడ ఏమేం చేయాలనుకుంటున్నారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి చూపించండి. అప్పుడు జవాబు వేరుగా ఉంటుంది.

వీటిలో ఏదైనా ఉంటే ప్రయాణం వాయిదా వేయమనే అవకాశం ఎక్కువ:

- మాయ కిందికి ఉండటం, లేదా ఈ ప్రెగ్నెన్సీలో రక్తస్రావం కావడం
- ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పు కావడం, గర్భసంచి ముఖద్వారం వదులుగా ఉందని కుట్టు వేయడం
- బీపీ ఎక్కువగా ఉండటం, ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి కిడ్నీల్లాంటి అవయవాల మీద ప్రభావం చూపే సమస్య) లక్షణాలు
- తీవ్రమైన రక్తహీనత, సికిల్ సెల్ వ్యాధి
- గతంలో కాళ్లలో లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం

ఇవేవీ లేకపోయినా మూడు ప్రశ్నలు తప్పక అడగండి. నాకు రక్తం గడ్డకట్టే ముప్పు ఎంత, కాళ్లకు బిగుతుగా పట్టే స్టాకింగ్స్ చాలా, ఇంజెక్షన్ కావాలా? ఈ ట్రిప్‌కి ఏ టీకాలు వేయించుకోవాలి? దారిలో వాంతులు, విరేచనాలు, జ్వరం వస్తే ఏ మందు, ఎంత మోతాదులో?

మీ బ్లడ్ గ్రూప్ నెగటివ్ అయితే ఇంకో మాట. బిడ్డది పాజిటివ్ గ్రూప్ అయితే ఆ రక్తానికి వ్యతిరేకంగా మీ ఒంట్లో యాంటీబాడీలు తయారవకుండా వేసే యాంటీ-డి ఇంజెక్షన్ మామూలుగా 28వ వారం దగ్గర వేస్తారు. ఆలోగా ఎప్పుడు రక్తస్రావమైనా, పొట్టకు గట్టి దెబ్బ తగిలినా 72 గంటల్లోపు వేయించుకోవాలి. విదేశంలో ఉంటే ఈ విషయం అక్కడి డాక్టర్‌కి మీరే గుర్తుచేయాల్సి రావచ్చు. ఫైల్ మొదటి పేజీలో బ్లడ్ గ్రూప్ పెద్ద అక్షరాలతో రాయండి.

## 3. దేశాన్ని మ్యాప్‌లో కాదు, దోమల లెక్కలో చూడండి

చూడాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్న చోటే ఈసారి వద్దనాల్సి రావచ్చు. కారణాలు ఇవి.

జికా. ఏడిస్ దోమ కుట్టడం వల్ల వస్తుంది. తల్లికి చిన్న జ్వరంలా వచ్చి పోవచ్చు, అసలు లక్షణాలే లేకపోవచ్చు. కానీ కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతిని తల చిన్నదిగా పుట్టే ప్రమాదం ఉంది. టీకా లేదు. ఈ దోమ ఎక్కువగా పగటిపూట కుడుతుంది కాబట్టి రాత్రి దోమతెర ఒక్కటీ సరిపోదు. జికా వ్యాపిస్తున్న ప్రాంతానికి గర్భిణులు వెళ్లకపోవడమే సరైన పని. శృంగారం ద్వారా కూడా అంటుతుంది. మీ ఆయన ఒక్కరే ఆఫీసు పని మీద అలాంటి చోటుకి వెళ్లొచ్చినా, కాన్పయ్యే దాకా కండోమ్ వాడాల్సిందే.

మలేరియా. గర్భిణులకు వస్తే మామూలు వాళ్లకంటే తీవ్రంగా వస్తుంది. నివారణకు వాడే మందుల్లో డాక్సీసైక్లిన్, ప్రైమాక్విన్ గర్భిణులకు పనికిరావు. మెఫ్లోక్విన్ లాంటిది ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్ చెప్పాలి. గ్రూపులో ఫ్రెండ్ వేసుకుంటున్న మాత్రే మీరూ వేసుకోవడం ఇక్కడ అస్సలు కూడదు.

ఎల్లో ఫీవర్. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో కొన్ని దేశాలు టీకా సర్టిఫికెట్ లేనిదే రానివ్వవు. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా కాబట్టి గర్భిణులకు మామూలుగా వేయరు. వైద్య కారణాలతో మినహాయింపు లెటర్ తీసుకోవచ్చు, అది తీసుకుంటారో లేదో ఆ దేశ ఎంబసీని ముందే అడగాలి. అయితే లెటర్ ఇమిగ్రేషన్‌ని దాటిస్తుందే గానీ దోమను ఆపదు. అక్కడ వ్యాధి నిజంగా ఉంటే వెళ్లకండి.

హెపటైటిస్ ఇ. కలుషితమైన నీటి ద్వారా వస్తుంది. చివరి మూడు నెలల్లో సోకితే 20 నుంచి 25 శాతం మంది దాకా చనిపోయే ప్రమాదం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తాగునీరు నమ్మదగింది కాని చోట్లను పక్కన పెట్టడానికి ఈ ఒక్కటి చాలు.

ఎత్తు. 3,600 మీటర్లు దాటిన కొండ ప్రాంతాలు వద్దు. అంతకంటే తక్కువైనా, 2,500 మీటర్ల పైన రాత్రి బస చేయాల్సిన ట్రిప్ అయితే డాక్టర్‌ని అడగకుండా ఖాయం చేయకండి.

టీకాల విషయానికొస్తే, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), చికెన్‌పాక్స్, నోటి ద్వారా వేసే టైఫాయిడ్ టీకా కూడా బతికున్న క్రిములతో చేసినవే, ఇవేవీ గర్భంలో వేయరు. ఫ్లూ ఇంజెక్షన్ వేయించుకోవచ్చు, వేయించుకోవాలి కూడా.

ఇవన్నీ దాటిన దేశం దొరికాక చివరి వడపోత: మీరు ఉండబోయే హోటల్ నుంచి గంటలోపు దూరంలో, 24 గంటలూ కాన్పులు చేసే, నెలలు నిండని బిడ్డల ఐసీయూ ఉన్న ఆసుపత్రి ఉందా? లేకపోతే హోటల్ మార్చండి. దీవులు, అడవి రిసార్టులు ఇక్కడే ఎగిరిపోతాయి.

## 4. ఇన్సూరెన్స్: పాలసీలో ఈ ఐదు వెతకండి

ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. చాలా పాలసీల్లో ప్రెగ్నెన్సీ అన్న మాట "ఇవి వర్తించవు" అన్న జాబితాలోనే ఉంటుంది. కొనే ముందు పాలసీ పత్రం తెరిచి ఇవి ఉన్నాయో లేదో చూడండి:

- ఎన్ని వారాల దాకా కవర్ ఉంటుంది? అది వెళ్లే రోజుకా, తిరిగొచ్చే రోజుకా?
- అనుకోని సమస్యలకు మాత్రమేనా, కాన్పు ఖర్చు కూడా ఇస్తారా?
- ముందుగా పుట్టేస్తే బిడ్డ వైద్యం ఖర్చు ఎవరిది? తల్లికి కవర్ ఉండి బిడ్డకు లేని పాలసీలు ఉన్నాయి. నెలలు నిండని బిడ్డ వారాల తరబడి ఐసీయూలో ఉండాల్సి రావచ్చు, అసలు పెద్ద ఖర్చు అదే.
- అవసరమైతే ఇంకో ఆసుపత్రికి లేదా స్వదేశానికి తరలించే ఖర్చు ఇస్తారా?
- డాక్టర్ వద్దన్నందుకు ట్రిప్ మానుకుంటే డబ్బు తిరిగొస్తుందా? తోడు వచ్చేవాళ్ల టికెట్ డబ్బు కూడా?

ప్రెగ్నెన్సీ సంగతి దాచి పాలసీ తీసుకోవద్దు, క్లెయిమ్ రోజు అదే అడ్డం తిరుగుతుంది. కంపెనీకి ఈమెయిల్ చేసి పై ప్రశ్నలకు జవాబులు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

## 5. కాగితాలు, వాటి తేదీలు

సర్టిఫికెట్‌లో ఉండాల్సినవి: పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే మీ పేరు, డ్యూ డేట్, ప్రయాణం రోజుకు ఎన్ని వారాలు, ఒక్క బిడ్డా కవలలా, ఇబ్బందులేవీ లేవని, విమాన ప్రయాణానికి ఫిట్ అని ఒక వాక్యం, డాక్టర్ సంతకం, స్టాంపు, రిజిస్ట్రేషన్ నంబర్, ఫోన్ నంబర్. కొన్ని ఎయిర్‌లైన్స్ తమ సొంత ఫారమే నింపించమంటాయి.

తేదీ గురించి నా అనుభవం చెబుతాను. తిరుగు ప్రయాణంలో చెకిన్ కౌంటర్‌లో సర్టిఫికెట్ ఇచ్చాను. ఆ అమ్మాయి రెండు వైపులా తిప్పి చూసి, "ఇది 16 రోజుల కిందటిది, మాకు 10 రోజుల్లోపుది కావాలి" అంది. బయల్దేరే ముందు తీసుకున్న కాగితం వెళ్లడానికి పనికొచ్చింది, రావడానికి కాలం చెల్లింది. మా డాక్టర్‌కి ఫోన్ చేద్దామంటే అక్కడ తెల్లవారుజాము మూడున్నర. ఇక ఎయిర్‌పోర్ట్‌లోనే ఉన్న క్లినిక్‌కి పరుగు, అక్కడ క్యూ, బీపీ చూస్తే టెన్షన్‌కి పెరిగి ఉంది. పావుగంట కూర్చోబెట్టి మళ్లీ చూసి సంతకం పెట్టారు. గేటు మూసే ముందు ఎక్కిన చివరి ఇద్దరం మేమే.

కాబట్టి సర్టిఫికెట్ ఎన్ని రోజులు చెల్లుతుందో ముందే చదవండి. ట్రిప్ దానికంటే పొడవైతే, తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు వీడియో కాల్‌లో చూసి కొత్త లెటర్ ఇస్తారా అని డాక్టర్‌ని అడగండి, లేదా అక్కడి క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ ముందే తీసుకోండి. 28 వారాల లోపే అయినా సర్టిఫికెట్ ఒకటి దగ్గరుంచుకోవడం మంచిది. పొట్ట కాస్త పెద్దగా కనిపిస్తే కౌంటర్‌లో అడుగుతారు, మీ మాట ఒక్కటే సరిపోకపోవచ్చు.

హ్యాండ్ బ్యాగ్‌లో ఉండాల్సిన ఫైల్:

- సర్టిఫికెట్, మందుల చీటీ. చీటీలో బ్రాండ్ పేర్లతో పాటు మందు అసలు పేర్లు కూడా ఉండాలి.
- ఆఖరి స్కాన్, రక్తపరీక్షల రిపోర్ట్‌లు, బ్లడ్ గ్రూప్
- ఇన్సూరెన్స్ పాలసీ, వాళ్ల 24 గంటల ఫోన్ నంబర్
- పెళ్లి సర్టిఫికెట్ కాపీ. కొన్ని దేశాల ప్రసూతి ఆసుపత్రుల్లో అడుగుతారు.
- వీటన్నిటి ఫొటోలు మీ ఫోన్‌లోనూ, తోడున్నవాళ్ల ఫోన్‌లోనూ

వీసా విషయంలో ప్రెగ్నెన్సీ గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. బిడ్డకు పౌరసత్వం రావాలన్నదే ముఖ్య ఉద్దేశమైతే విజిటర్ వీసా నిరాకరించేలా అమెరికా 2020 జనవరిలో నిబంధన మార్చింది. తిరుగు టికెట్, ఇంటి దగ్గర కాన్పుకు చేసుకున్న ఏర్పాట్ల వివరాలు చేతిలో ఉంటే మాట్లాడటం తేలిక.

## 6. తోడు వచ్చేవాళ్లతో ముందే కూర్చుని మాట్లాడండి

అందరూ దాటేసే అంచె ఇది. పొట్టలో బిడ్డ మీకే ఉన్నా, ట్రిప్ వేగం మాత్రం అందరిదీ.

భర్తతో వెళ్తుంటే. ఫైల్‌లో ఏ కాగితం ఎక్కడుందో ఆయనకూ తెలియాలి. బయల్దేరే ముందు ఒకసారి పరీక్ష పెట్టండి: "నేను స్పృహలో లేను, నా బ్లడ్ గ్రూప్ ఏంటి? ఏ మందు పడదు? ఎన్నో వారం?" తడుముకుంటే నవ్వుకోవచ్చు, కానీ ఆ మూడూ ఆయన ఫోన్‌లో రాసి ఉండాల్సిందే. ఇంకొకటి, "నీకు ఓకేనా?" అని గంటకోసారి అడిగే భర్త కంటే, అడక్కుండానే కుర్చీ వెతికి పెట్టే భర్త ఎక్కువ ఉపయోగం.

ఫ్రెండ్స్‌తో వెళ్తుంటే. మొహమాటం అసలు శత్రువు. నా వల్ల అందరి ప్లాన్ పాడవుతుందేమోనని ఓపిక లేకపోయినా నడిచేస్తాం, నీళ్లు తక్కువ తాగుతాం, బాత్రూమ్ కోసం ఆపమనడానికి వెనకాడతాం. దీనికి విరుగుడు వెళ్లకముందే చేసుకునే నాలుగు ఒప్పందాలు:

1. రోజుకు ఒక పెద్ద ప్రోగ్రామ్ మాత్రమే. మధ్యాహ్నం రెండు గంటలు రూమ్‌లో విశ్రాంతి. ఆ సమయంలో మిగతావాళ్లు బయటికి వెళ్లొచ్చు, ఎవరికీ అపరాధ భావం అక్కర్లేదు.
2. "నేను ఇక్కడితో ఆగిపోతా" అని ఎప్పుడన్నా కారణం అడగకూడదు, బతిమాలకూడదు.
3. గ్రూపులో ఒక్కరు మీ బాధ్యత తీసుకోవాలి. మీరు ఆగితే వాళ్లూ ఆగుతారు, అవసరమైతే ఆసుపత్రికి వస్తారు. ఐదుగురికి అప్పగించిన పని ఎవరికీ అప్పగించనట్టే.
4. మీరు మధ్యలో తిరిగి వెళ్లిపోవాల్సొస్తే రూమ్, కారు ఖర్చులు ఎలా పంచుకోవాలో ముందే తేల్చుకోవాలి. డబ్బు మాట అప్పుడెత్తితే స్నేహం దెబ్బతింటుంది.

ఆసుపత్రిలో భర్తకు చెప్పినట్టు ఫ్రెండ్‌కి అన్నీ చెప్పరు. "నా ఆరోగ్య వివరాలు ఈమెతో మాట్లాడవచ్చు" అని ఇంగ్లిష్‌లో ఒక లెటర్ రాసి, సంతకం పెట్టి, ఇంటి ఫోన్ నంబర్లు జతచేసి ఆ ఫ్రెండ్ దగ్గర ఉంచండి.

## 7. మందుల సంచి

రోజూ వేసుకునే మందులు ట్రిప్‌కి సరిపడా, పైన ఇంకో వారానికి. అన్నీ హ్యాండ్ బ్యాగ్‌లోనే, ఒరిజినల్ ప్యాకింగ్‌లోనే. చెకిన్ బ్యాగ్ ఆలస్యమైతే షర్టు కొనుక్కోవచ్చు, ఇన్సులిన్ చీటీ లేకుండా దొరకదు.

- ఐరన్, కాల్షియం కలిపి వేసుకోకండి, టైమ్ జోన్ మారినా కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. థైరాయిడ్ మాత్ర, ఇన్సులిన్ ఏ టైమ్‌కి మార్చుకోవాలో డాక్టర్‌తో రాయించుకోండి.
- జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్. ఐబుప్రోఫెన్ వద్దు. 20 వారాల తర్వాత అది బిడ్డ కిడ్నీల మీద ప్రభావం చూపి ఉమ్మనీరు తగ్గించవచ్చు.
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు. విరేచనాలకు విదేశీ షాపుల్లో గులాబీ రంగులో దొరికే బిస్మత్ మందు గర్భిణులకు కాదు.
- డాక్టర్ రాసిన వాంతుల మాత్ర, మలబద్ధకానికి మందు
- బీపీ సమస్య ఉన్నవాళ్లకు చిన్న బీపీ మిషన్
- డీట్ అనే దోమల్ని తరిమే రసాయనం ఉన్న క్రీమ్. చెప్పినట్టు వాడితే గర్భిణులకు ఫర్వాలేదు. ముందు సన్‌స్క్రీన్, దాని మీద ఇది.

ఫ్రెండ్స్ మందులు కూడా ఓసారి చూడండి. జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు. కోడీన్ ఉన్న మందులకు యూఏఈలో ముందస్తు అనుమతి కావాలి. ఒకరి సంచి పట్టుబడితే గ్రూపంతా ఆగుతుంది.

## 8. ఎయిర్‌పోర్ట్‌లో, విమానంలో

సెక్యూరిటీ దగ్గర మెటల్ డిటెక్టర్ గర్భిణులకు హాని చేయదు. మనసొప్పకపోతే చేత్తో తనిఖీ చేయమని అడగొచ్చు. పెద్ద ఎయిర్‌పోర్ట్ అయితే వీల్‌చెయిర్ సాయం కనీసం 48 గంటల ముందు చెప్పి పెట్టుకోండి. మొహమాటపడకండి, ఇమిగ్రేషన్ క్యూలో గంట నిలబడటం ఎవరికీ మంచిది కాదు.

సీటు నడవ పక్కనే తీసుకోండి. ఎమర్జెన్సీ ఎగ్జిట్ వరుసలో కాళ్లకు చోటెక్కువని ఆశపడొద్దు, గర్భిణుల్ని అక్కడ కూర్చోనివ్వరు. భర్తో ఫ్రెండో మీ పక్క సీటులోనే ఉండాలి. నిద్రపోతున్న కొత్త మనిషిని దాటుకుని గంటకోసారి లేవడం ఎవరూ చేయరు.

విమానంలో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టుంటుంది. ఆక్సిజన్ తగ్గి బిడ్డకు ఏమవుతుందోనని భయపడతారు. కడుపులో బిడ్డ రక్తంలోని హిమోగ్లోబిన్ మనదానికంటే గట్టిగా ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు దీనివల్ల ఇబ్బంది ఉండదు. అసలు చూసుకోవాల్సింది మీ కాళ్లు. గర్భంలో రక్తం మామూలుగానే తేలిగ్గా గడ్డకడుతుంది, నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే ఆ ముప్పు పెరుగుతుంది.

పాటించాల్సిన వరుస:

1. కాళ్ల వాపు రాకముందే, పొద్దున లేవగానే కంప్రెషన్ స్టాకింగ్స్ వేసుకోండి. ఎయిర్‌పోర్ట్‌లో వేసుకుందామంటే ఎక్కవు. కొత్తవి ఇంట్లో ఒకరోజు వేసుకుని చూడండి.
2. బెల్ట్ పొట్ట మీద కాదు, పొట్ట కింద, తుంటి ఎముకల మీదుగా పెట్టుకోండి. కూర్చున్నంతసేపూ పెట్టుకునే ఉండండి.
3. గంట, గంటన్నరకోసారి లేచి నడవండి. సీట్లో ఉన్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించండి.
4. క్యాబిన్ గాలిలో తేమ 20 శాతం కంటే తక్కువ. నీళ్లు కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తుందని మానకండి, అలా లేవడమే మీకు మేలు.
5. గ్యాస్ డ్రింకులు వద్దు. పైకెళ్లాక కడుపులో గ్యాస్ ఉబ్బుతుంది.

నడవమని అలారం పెట్టే పని పక్కనున్నవాళ్లది. గడ్డకట్టకుండా ఆస్పిరిన్ వేసుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ముప్పు ఎక్కువున్నవాళ్లకు డాక్టర్ హెపారిన్ రకం ఇంజెక్షన్ రాస్తారు.

## 9. దిగాక

మొదటి రోజు ఏమీ పెట్టుకోకండి. హోటల్‌కి చేరగానే చేయాల్సింది ఒకటే: ముందే చూసుకున్న ఆసుపత్రికి దారి మ్యాప్‌లో సేవ్ చేసి, ఎమర్జెన్సీ నంబర్ అందరి ఫోన్లలో వేయడం. యూరప్ దేశాల్లో 112, అమెరికాలో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000, సింగపూర్‌లో అంబులెన్స్‌కి 995, జపాన్‌లో 119.

తిండిలో పచ్చివి, పాశ్చరైజ్ చేయనివి, చల్లగా వడ్డించే మాంసం, పొగబెట్టిన చేప, మెత్తని చీజ్ రకాలు వద్దు. వీటిలో కడుపులో బిడ్డకు ప్రమాదకరమైన లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, అది ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. వేడిగా పొగలొస్తున్నది తినండి. నీళ్ల మీద అనుమానముంటే సీల్ ఉన్న బాటిల్, లేదా ఒక నిమిషం తెర్లనిచ్చిన నీళ్లు, 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. నీటిలో వేసే అయోడిన్ మాత్రలు రోజుల తరబడి వాడకండి, బిడ్డ థైరాయిడ్‌కి మంచిది కాదు. ఐస్ కూడా నీళ్లే అన్న సంగతి మర్చిపోతుంటాం.

స్కూబా డైవింగ్ పూర్తిగా వద్దు. సానా, హాట్ టబ్, రోలర్ కోస్టర్లు, గుర్రపు స్వారీ కూడా వద్దు. ఈత మంచిదే. కారులో బెల్ట్ తప్పనిసరి: కింది పట్టీ పొట్ట కింద, పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా.

## 10. తేడాగా అనిపిస్తే

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా "రేపు పొద్దున చూద్దాం" అనుకోకండి:

- రక్తం, లేదా ఉమ్మనీరు పోవడం
- క్రమంగా వస్తూ పోతూ ఉండే నొప్పులు, తగ్గని కడుపునొప్పి
- తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం చేతులు ఉన్నట్టుండి వాయడం
- బిడ్డ కదలిక తగ్గడం
- ఒక్క పిక్కలోనే వాపు, నొప్పి, ఎర్రదనం. ఆయాసం, ఛాతీ నొప్పి
- జ్వరం, నీళ్లు కూడా నిలవని వాంతులు

వరుస ఇది. ముందు ఆసుపత్రి లేదా అంబులెన్స్, దారిలో ఇన్సూరెన్స్ నంబర్‌కి ఫోన్, ఆ తర్వాత మీ డాక్టర్‌కి మెసేజ్. కంగారులో చాలామంది దీన్ని తిరగేసి, ముందు మన డాక్టర్‌కి ఫోన్ చేసి జవాబు కోసం కూర్చుంటారు. అక్కడికి వెళ్లాక నోరు తెరిచి చెప్పాల్సిన మొదటి వాక్యం: "ఇన్ని వారాల గర్భిణిని, ఈ సమస్య మొదలై ఇన్ని గంటలైంది." భాష రాని దేశమైతే ఈ వాక్యాన్ని, బ్లడ్ గ్రూప్‌నీ అక్కడి భాషలో ముందే రాయించి ఫోన్‌లో పెట్టుకోండి.

బిడ్డ అక్కడే పుట్టేస్తే, ఆ దేశంలో జనన నమోదు చేయించి, మీ ఎంబసీ నుంచి బిడ్డకు పాస్‌పోర్టో అత్యవసర ప్రయాణ పత్రమో తీసుకోవాలి. పుట్టగానే విమానం ఎక్కనివ్వరు, ఎన్ని రోజులాగాలన్నది ఎయిర్‌లైన్‌ని బట్టి మారుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీని అడిగి బస పొడిగింపు, తోడున్నవాళ్ల టికెట్ మార్పు అప్పుడే మొదలుపెట్టాలి.

## 11. ఇంటికి వచ్చాక

వారంలోపు డాక్టర్‌ని కలిసి ఏ దేశంలో తిరిగారో చెప్పండి, ముఖ్యంగా దోమలు కుట్టి ఉంటే. తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా, నెల దాటినా సరే, డాక్టర్‌కి చెప్పే మొదటి మాటల్లో ఆ దేశం పేరు ఉండాలి. మలేరియా అంత ఆలస్యంగా కూడా బయటపడుతుంది. పిక్కల్లో గడ్డ కూడా విమానంలోనే తెలియాలని లేదు, కొన్ని వారాల తర్వాతైనా బయటపడొచ్చు. రెండు కాళ్లూ సమానంగా వాచి, పడుకుంటే తగ్గుతుంటే చాలావరకు ప్రయాణ బడలికే. ఒక్క కాలే వాచి, నొప్పిగా, ముట్టుకుంటే వేడిగా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.